స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చిందా? ముందు షుగర్ టెస్ట్ చేయించుకోండి

గ్యాస్ నొప్పి అనో, కిడ్నీలో రాళ్లేమో అనో కడుపు స్కాన్ తీయిస్తారు. రిపోర్టు అడుగున ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని ఒక లైను ఉంటుంది. "ఈ రోజుల్లో అందరికీ ఉండేదేలే" అనుకుని కవరు బీరువాలో పడేస్తాం. నేనూ అదే చేశాను, రెండేళ్లు.

మనం నిద్రపోతున్నా మెదడుకి గ్లూకోజ్ కావాలి కాబట్టి లివర్ రాత్రంతా కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది, ఇక చాలు అని దాన్ని ఆపేది ఇన్సులిన్. కొవ్వు పట్టిన లివర్‌కి ఆ మాట చెవికెక్కదు. అందుకే రాత్రి రెండు పుల్కాలే తిన్నా పొద్దున పరగడుపున షుగర్ 110 చూపిస్తుంది. దాన్ని అదుపు చేయడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ లివర్‌లో మళ్లీ కొవ్వు తయారుచేయిస్తుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకి టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం, లేనివాళ్లతో పోలిస్తే సుమారు రెట్టింపు.

కాబట్టి ఈ వారమే ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) చేయించండి. ఫాస్టింగ్ 100 నుంచి 125, లేదా హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ. ఫాస్టింగ్ 126 లేదా హెచ్‌బీఏ1సీ 6.5, ఆపైన ఉంటే షుగర్ కిందే లెక్క, కాకపోతే డాక్టర్ ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు. రక్తపరీక్షలో చూసే లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉంది కదా అని ధీమా పడొద్దు, అది మామూలుగా ఉన్నా లివర్‌లో కొవ్వు ఉండొచ్చు. ఎస్‌జీఓటీ అనే ఇంకో ఎంజైమ్, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, వయసు కలిపి ఫిబ్-4 అనే లెక్క వేస్తారు, లివర్ గట్టిపడుతోందేమో అంచనాకి. అది కూడా అడగండి.

టేపు తీసుకుని నడుము కొలవండి. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే బరువు మామూలుగా కనిపించినా జాగ్రత్తపడాల్సిందే. సన్నగా ఉండి పొట్ట మాత్రం ఉన్నవాళ్లు మనలో బోలెడంత మంది.

ఇక తగ్గించడం. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ బాగా తేరుకుంటుంది, అంటే 80 కిలోల మనిషికి 6 నుంచి 8 కిలోలు. ముందు కూల్‌డ్రింకులు, జ్యూసులు, టీలో చక్కెర ఆపండి, ఎందుకంటే చక్కెరలో ఉండే ఫ్రక్టోజ్ ఎక్కువ భాగం లివర్‌కే చేరుతుంది. అన్నం మానేయక్కర్లేదు గానీ రెండోసారి వడ్డించుకునే బదులు పప్పు, గుడ్డు, కూర పెంచండి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. మద్యం పూర్తిగా మానేయడమే మంచిది. లివర్ టానిక్కులు, ‘డీటాక్స్’ పొడుల మీద పెట్టే డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోవచ్చు.

ఇప్పటికే షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు తిండి ఒక్కసారిగా తగ్గించేయకండి, షుగర్ పడిపోవచ్చు. ముందు డాక్టర్‌తో డోసు గురించి మాట్లాడండి, లివర్ ఎప్పుడైనా చూశారా అని కూడా అప్పుడే అడగండి.