రాని ఇంటరప్ట్‌ని ఎక్కడ వెతకాలి

వర్చువల్ మెషీన్‌లో డ్రైవర్ (డివైజ్‌ని నడిపే కోడ్) బిగుసుకుపోతే నేను వెంటనే కోడ్ తెరవను. ముందు లెక్క చూస్తాను. ఇంటరప్ట్ (డివైజ్ ప్రాసెసర్‌కి ఇచ్చే పిలుపు) అసలు బయల్దేరిందా, దారిలో పోయిందా, చేరాక దాన్ని అందుకునే డ్రైవర్ ఫంక్షన్, అంటే హ్యాండ్లర్, 'నాది కాదు' అందా? ఇది తేలకుండా కోడ్‌లో చెయ్యి పెట్టడం దండగ.

గెస్ట్, అంటే వర్చువల్ మెషీన్ లోపలి సిస్టమ్, లినక్స్ అయితే ప్రాక్ డైరెక్టరీ కింద ఇంటరప్ట్స్ ఫైలుంటుంది, వచ్చిన ఇంటరప్ట్‌ల లెక్క అందులో ఉంటుంది. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చూసి, మీ డివైజ్ వరుసలో అంకె కదిలిందో లేదో గమనించండి. హోస్ట్ (ఆ మెషీన్‌ని నడిపే అసలు కంప్యూటర్) వైపు కేవీఎం (లినక్స్ కెర్నెల్‌లోని వర్చువలైజేషన్ భాగం) ట్రేస్ ఈవెంట్లు ఆన్ చేస్తే, డివైజ్ పంపిందీ ఏపిక్ (ప్రాసెసర్‌కి ఇంటరప్ట్‌లు చేర్చే కంట్రోలర్) అందుకున్నదీ విడివిడిగా కనిపిస్తాయి. మూడోది రింగ్, అంటే డ్రైవర్, డివైజ్ పనులు ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి మెమరీ. వర్చువల్ మెషీన్‌ని నడిపే క్యూఈఎంయూకి జీడీబీ డీబగ్గర్ తగిలించి, డివైజ్ రాసిన యూజ్డ్ ఇండెక్స్‌నీ (ముగించిన పనుల లెక్క), డ్రైవర్ చివరగా చూసిన ఇండెక్స్‌నీ పక్కపక్కన పెట్టండి.

నేర్చుకుందామని ఒక వర్టియో బ్లాక్ డ్రైవర్ (వర్చువల్ డిస్క్‌ని నడిపేది) సొంతంగా రాశాను. అది ఆగిపోయినప్పుడు డివైజ్ లెక్క 40,217, నా డ్రైవర్ లెక్క 40,216. ఒక్కటే తేడా. ఆ ఒక్కదానికి హోస్ట్‌లో ట్రేస్ లేదు, అంటే డివైజ్ పంపనేలేదు. ఎందుకు పంపలేదంటే, నేనే వద్దన్నాను కాబట్టి.

జరిగింది ఇది. రింగ్ ఖాళీ చేస్తున్నంతసేపూ డ్రైవర్ 'ఇంటరప్ట్ వద్దు' అనే ఫ్లాగ్ పెట్టి ఉంచుతుంది. ఖాళీ అయ్యాక ఫ్లాగ్ తీస్తుంది. ఆ రెంటి మధ్య సందులో డివైజ్ ఇంకో పని ముగించింది, ఫ్లాగ్ చూసి ఊరుకుంది. నా డ్రైవర్ ఫ్లాగ్ తీసేసి నిద్రపోయింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కాచుకుని కూర్చున్నారు.

లోడ్ పెంచితే బగ్ దొరుకుతుందని నేనూ అనుకున్నాను. ఇక్కడ అది తిరగబడింది. రిక్వెస్టులు బోలెడు ఉంటే తర్వాతి దాని ఇంటరప్ట్ దీన్నీ మోసుకొచ్చేస్తుంది. ఒకసారికి ఒకే రిక్వెస్ట్ పంపితేనే పట్టుబడింది. ప్రింట్‌కే (కెర్నెల్ లాగ్‌లో రాసే ఫంక్షన్) పెడితే టైమింగ్ మారిపోయి మళ్లీ మాయం, అందుకే అంతకంటే చాలా తేలికైన ట్రేస్ ప్రింట్‌కే వాడాను. ఆ సందులో కావాలనే 50 మైక్రోసెకన్ల యూడిలే (కాసేపు ఆపే కాల్) పెడితే, గంటలు పట్టే హ్యాంగ్ రెండు నిమిషాల్లో వచ్చేసింది. అనుమానం ఎక్కడుందో అక్కడ ఆలస్యం పెట్టడం, నా లెక్కలో, బ్రేక్‌పాయింట్ కంటే మేలు.

మందు: ఫ్లాగ్ తీశాక రింగ్‌ని ఇంకోసారి చూడాలి. అదీ చేశాను, అయినా అరుదుగా ఆగేది! ఎక్స్86 ప్రాసెసర్లో మెమరీ పనుల వరుస తప్పదన్న ధీమాతో మధ్యలో మెమరీ బ్యారియర్ (ఆ వరుసని కాపాడే సూచన) పెట్టలేదు. ఒక చోట రాసి, ఆ తర్వాత ఇంకో చోట చదివితే ఎక్స్86 కూడా చదవడాన్ని ముందుకు జరపగలదు. రెండింటి మధ్య పూర్తి బ్యారియర్ ఉండాలి. ఇండెక్స్ రాసి ఫ్లాగ్ చదివే డివైజ్ వైపూ అంతే.

తప్పు ఎంఎస్ఐ-ఎక్స్ (ఇంటరప్ట్‌ని మెమరీలో రాసి పంపే కొత్త పద్ధతి) దారిలో ఉందా, పాత పిన్ ఇంటరప్ట్ దారిలో ఉందా అన్నది తేల్చుకోవడానికి క్యూఈఎంయూలో డివైజ్ వెక్టర్స్‌ని 0 చేసి బూట్ చేయండి, అప్పుడు పిన్ పద్ధతే మిగులుతుంది. పిన్ పద్ధతిలో ఐఎస్ఆర్ రిజిస్టర్ (ఇంటరప్ట్ ఎందుకొచ్చిందో చెప్పేది) చదవకపోతే ఇంటరప్ట్ లైన్ దిగదు, హ్యాండ్లర్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. హ్యాండ్లర్ నాది కాదంటూ పోతే, లక్ష ఇంటరప్ట్‌లలో అలాంటివి 99,900 దాటాక కెర్నెల్ ఆ లైన్‌నే మూసేస్తుంది. ఐఎస్ఆర్ చదివితే చెరిగిపోతుందని మరవకండి. డీబగ్ ప్రింట్ కోసం నేను ఒకసారి చదివేశాను, హ్యాండ్లర్‌కి సున్నా మిగిలింది. ఉన్న బగ్ వెతుకుతూ కొత్తది కన్నాను.

చివరగా, కెర్నెల్‌లో షేర్డ్ ఐఆర్‌క్యూ (పలు డివైజ్‌లు పంచుకునే ఇంటరప్ట్ లైన్) డీబగ్ కాన్ఫిగ్ ఆన్ చేసి డ్రైవర్‌ని ఎక్కించి దించండి. కెర్నెల్ ఉత్తుత్తి ఇంటరప్ట్ ఒకటి ఇస్తుంది. నాది దించేటప్పుడు కూలింది: ఐఆర్‌క్యూ వదలకముందే రింగ్ మెమరీ విడిచేశాను.