పగిలిన కిటికీ అద్దం మార్చుకోవడం: గోదావరి జిల్లాల చెక్క కిటికీలకు

చెక్క కిటికీ రెక్కలో పగిలిన అద్దం తీసి కొత్తది బిగించడం ఒక పూట పని, నూనె, పుట్టీ, రంగు ఆరే రోజులు వేరు. బంతి తగిలో, కొబ్బరి మట్ట విరిగి పడో, గడియ వేయని రెక్క గాలికి కొట్టుకునో పగిలితే కారణం వెతకక్కర్లేదు. ఎవరూ ముట్టుకోకుండానే ఒక మూల నుంచి బీట తీసి, కొత్త అద్దం వేశాక ఏడాది తిరక్కుండా మళ్లీ అదే మూల బీట తీస్తే మాత్రం అద్దాన్ని చెక్కకు ఆనించి బిగించేశారన్నమాట. మన డెల్టాలో చెక్క ఏడాది పొడుగునా ఒకే కొలతలో ఉండదు. రోహిణి కార్తె ఎండకు ముడుచుకున్న రెక్క శ్రావణం ముసురుకు ఉబ్బుతుంది. కింద నల్లమట్టి నేల వానకు పొంగి, ఎండకు కుంగి గోడను కదిపితే కిటికీ చట్రం మూలమట్టం తప్పుతుంది. ఆ ఒత్తిడంతా వచ్చి అద్దం మీద పడుతుంది. అందుకని అద్దం అంచు ఎక్కడా చెక్కకు తగలకూడదు, మేకుకు అసలే తగలకూడదు. కింద చెప్పే పనిలో సగం దీని కోసమే.

రెక్క దింపడం, పెంకులు తీయడం

పాత ఇళ్లలో, పెంకుటిల్లయినా డాబా అయినా, చట్రానికి ఇనప ఊచలుంటాయి, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. ఊచల సందులోంచి చెయ్యి పెట్టి బయటి వైపు పని చేయడం కుదరదు. మేడ మీద కిటికీ అయితే నిచ్చెన మీద నిలబడి అద్దం పట్టుకోవడం ప్రమాదం కూడా. రెక్కను దింపేయడమే మేలు. దింపే ముందు పగిలిన అద్దానికి రెండు వైపులా వెడల్పాటి ప్లాస్టర్ టేపు అడ్డదిడ్డంగా అంటించండి, విప్పేటప్పుడు పెంకులు జారిపడవు. తోలు చేతి తొడుగులు, బూట్లు, కళ్లకు అద్దాలు ఇక్కడి నుంచే వేసుకోవాలి.

మడత బందుల స్క్రూలు తుప్పు పట్టి రాకపోతే బలవంతపెట్టకండి, బుర్ర గాడి అరిగిపోతే పని రెట్టింపవుతుంది. తుప్పు వదిలించే నూనె ఏదైనా రెండు చుక్కలు వేసి అరగంట ఆగి, స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేయండి. ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పితే పట్టు వదులుతుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి స్క్రూలు వేయండి. కన్నం పెద్దదై స్క్రూ ఊరికే తిరుగుతుంటే, నాలుగైదు అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి కన్నంలో కూరి, ఆరాక స్క్రూ వేస్తే పట్టుకుంటుంది.

దింపిన రెక్కను గోనె పట్టా పరిచిన చదునైన బల్ల మీద పడుకోబెట్టండి. నవారు మంచం వద్దు. మధ్యలో కుంగిన రెక్కకు అద్దం బిగిస్తే, ఎత్తేటప్పుడు రెక్క తిన్ననై అద్దం చిట్లుతుంది.

అద్దాన్ని పట్టి ఉంచేది చెక్క బీడింగో (అంచు మీద కొట్టే సన్నటి చెక్క పట్టీ), పుట్టీయో (సుద్ద, నూనె కలిపి పిసికిన ముద్ద) చూడండి. బీడింగ్ అయితే పొడుగు ముక్కతో మొదలుపెట్టి, దాని నడిమికి సన్నటి ఉలి దూర్చి మెల్లగా లేపాలి. చివర్ల నుంచి లేపితే మూల విరుగుతుంది. ఏ ముక్క ఏ వైపుదో పెన్సిల్‌తో రాసుకుంటే మళ్లీ అవే వాడుకోవచ్చు. పాత పుట్టీ రాయిలా గట్టిపడి ఉంటుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు వేడి తగిలిస్తే కొంత మెత్తబడుతుంది, తర్వాత పాత ఉలితో పొరలు పొరలుగా చెక్కాలి. ఉలిని అద్దం వైపు వాల్చి పట్టుకోండి, చెక్క గాడి తినేయకుండా ఉంటుంది. రెక్కను దింపడం కుదరక నిలువుగానే పని చేయాల్సి వస్తే పై పెంకులు ముందు తీయాలి. కిందవి ముందు తీస్తే పైది కత్తిలా చేతి మీదికి జారుతుంది.

పెంకుల్ని పాత పేపర్లలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, పైన 'గాజు పెంకులు' అని పెద్దగా రాసి చెత్త బండి వాళ్ల చేతికివ్వండి. పంట కాలువలోనో, కొబ్బరి తోట బోదెలోనో పారేయడం మన వైపు మామూలైపోయింది. గాజు మట్టిలో కలవదు. ఎన్నేళ్లకైనా బోదె పూడిక తీసేవాళ్ల కాలికో, నాట్లు వేసేవాళ్ల చేతికో దిగుతుంది. గదిలో నేల మీద రవ్వలు మిగిలాయేమో చూడాలంటే లైటు ఆపి టార్చి వెలుగు నేలబారుగా వేయండి, ఒక్కొక్కటీ మెరుస్తుంది. తడిపిన పేపరు ఉండతో అద్ది తీసేయండి.

గాడి సిద్ధం చేయడం

అద్దం కూర్చునే గాడిలో పాత పుట్టీ గానీ విరిగిన మేకు ముక్క గానీ మిగలకూడదు. వేలితో చుట్టూ తడిమితే తెలియదు, పైగా గుచ్చుకుంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్ మొన గాడి పొడుగునా లాగితే ఎక్కడ తట్టిందో అక్కడ మిగిలిందన్నమాట. ఒకే మూల పదే పదే బీట తీసిన రెక్కలో ఆ మూలే చూడండి, చాలాసార్లు మేకు ముక్క అక్కడే దొరుకుతుంది.

పాతకాలం రంగును పొడిగా గీకకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన పొరల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు. నీళ్లు చల్లి వాటర్ పేపర్‌తో రుద్ది, తడి గుడ్డతో తుడిచేయండి, చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

గాడి ఆరాక లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) గానీ ఉడ్ ప్రైమర్ గానీ ఒక చేయి వేసి ఆరనివ్వాలి. చాలామంది వదిలేసే పని ఇది. పొడి చెక్క పుట్టీలోని నూనెను పీల్చేస్తుంది, నూనె పోయిన పుట్టీ ఎండి బీటలు వారి రాలిపోతుంది. రాలిన చోట వాన నీరు దిగి చెక్క పుచ్చుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉన్న గుడ్డకు దానంతటదే నిప్పు అంటుకోవచ్చు. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో నానబెట్టి పారేయండి.

కొలత

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వెలుతురు వచ్చే ఖాళీని కొలిస్తే అద్దం చిన్నదై గాడిలోంచి జారిపోతుంది. గాడి లోపలి గోడ నుంచి ఎదుటి గోడ వరకు కొలవాలి. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, మిల్లీమీటర్లలో. మూడింటిలో చిన్నది తీసుకుని దానిలోంచి 4 మి.మీ. తగ్గించండి, అంటే ఒక్కో వైపు 2 మి.మీ. ఖాళీ. వెడల్పు 382, 380, 381 వస్తే అద్దం 376 మి.మీ. గాడి మెట్టు, అంటే అద్దం ఆనే అంచు, సాధారణంగా 8 నుంచి 10 మి.మీ. ఉంటుంది కాబట్టి ఈ ఖాళీ బయటికి కనపడదు. గట్టిగా కూర్చుంటేనే బాగుంటుందని కొందరు 1 మి.మీ. కూడా వదలరు. ఎండాకాలం అలా కొలిచి వేసిన అద్దమే వానాకాలంలో పగిలేది.

తర్వాత ఐమూలలు కొలవండి. రెండింటికీ తేడా 4 మి.మీ. దాటితే రెక్క మూలమట్టం తప్పినట్టే. అప్పుడు అంకెలు నమ్మకుండా గట్టి అట్టను గాడిలో వదులుగా కూర్చునేలా కత్తిరించి, ఒక వైపు 'బయట' అనీ 'పైన' అనీ రాసి అద్దాల షాపుకి పట్టుకెళ్లండి. అట్ట ప్రకారమే కోసిస్తారు.

ఇంటి కిటికీలకు 4 మి.మీ. మందం చాలు. ఒక్క ముక్క ఆరు చదరపు అడుగులు దాటినా, సముద్రం వైపు నేరుగా గాలి కొట్టినా 5 మి.మీ. తీసుకోండి. గాడి లోతులో ఆ అద్దమూ, దాని కింద 2 మి.మీ. పుట్టీ, పైన బీడింగ్ పడతాయో లేదో ముందే చూసుకోవాలి. చదరపు మీటరు అద్దం ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 15 అంగుళాలకు 24 అంగుళాల 4 మి.మీ. ముక్క రెండుంపావు కిలోలకు పైనే. పాత బందులు ఊగుతున్న రెక్కకు మందం పెంచితే అది వాలిపోతుంది. స్నానాల గదికి పిన్ హెడ్ అద్దం (ఒక వైపు గరుకుగా ఉండి అవతలిది స్పష్టంగా కనపడనిది) అడిగితే గరుకు వైపు లోపలికి వచ్చేలా బిగించండి, బయటి దుమ్ము నునుపు వైపు నుంచి తేలిగ్గా పోతుంది. టఫెన్డ్ అద్దం (వేడి చేసి గట్టిపరిచినది) అయితే కొలత పక్కాగా ఉండాలి, ఒకసారి తయారయ్యాక దాన్ని కోయడం ఎవరి వల్లా కాదు.

కోయడం షాపులోనే చేయించుకుని, అంచుల పదును రాయితో కొట్టించండి. బండి మీద తెచ్చేటప్పుడు వెనక కూర్చున్న మనిషి దుప్పటి చుట్టి నిలువుగా పట్టుకోవాలి. పడుకోబెట్టి ఒళ్లో పెట్టుకుంటే మన రోడ్ల గోతులకు ఇల్లు చేరదు.

పుట్టీ, బిగింపు

గోడకు పెట్టగా మిగిలిన లప్పం వాడొద్దు. అది తెల్ల సిమెంటు సరుకు, చెక్కతోపాటు సాగదు, మొదటి వానాకాలానికే బిళ్లలుగా ఊడుతుంది. ఎపాక్సీ ముద్దలూ అంతే, పైగా మళ్లీ అద్దం తీయాల్సి వస్తే చెక్కతో సహా ఊడి వస్తాయి. రంగుల షాపులో దొరికే సుద్ద పొడి కిలోకి లిన్సీడ్ ఆయిల్ 150 నుంచి 180 గ్రాములు కొద్దికొద్దిగా పోస్తూ పావుగంట పిసకండి. చపాతీ పిండిలా సాగాలి, చేతికి అంటకూడదు. అంటితే పొడి, విరిగితే నూనె చేర్చండి. ఒకటి రెండు అద్దాలకు అర కిలో పొడి సరిపోతుంది.

పుట్టీని చిటికెన వేలిలో సగం లావు తాడులా చేసి గాడి మెట్టు చుట్టూ పరవండి. రెక్కను నిలబెడితే కిందికి వచ్చే అంచులో, రెండు చివర్ల నుంచి నాలుగో వంతు దూరంలో, పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రెండు చిన్న ముక్కలు పెట్టాలి. అద్దం బరువు వాటి మీద ఆనుతుంది, చెక్క తగలదు. అద్దాన్ని కింది అంచు ముందు పెట్టి మెల్లగా వాల్చి, అంచుల వెంట వేళ్లతో నొక్కుతూ రండి. మధ్యలో మాత్రం నొక్కకండి. కింద 2 మి.మీ. పుట్టీ మిగిలే వరకు నొక్కి ఆపాలి. చుట్టూ ఖాళీ సమానంగా ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకుని, ఆ ఖాళీలో కూడా పుట్టీ కూరండి.

బీడింగ్ పొట్టి వైపులు ముందు, పొడుగువి తర్వాత. ముప్పావు అంగుళం తల లేని పిన్నులు, ఎనిమిది అంగుళాలకొకటి. ఉప్పు గాలి ఊళ్లలో ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వేయాలి, మామూలు ఇనపది తుప్పుకి ఉబ్బి అద్దాన్ని నొక్కుతుంది. పిన్ను అద్దం వైపు వాలకుండా, కాస్త చెక్క వైపు వాల్చి కొట్టండి. అద్దం మీద అట్టముక్క వేసి సుత్తిని దాని మీద జారిస్తూ కొడితే గురి తప్పినా దెబ్బ అద్దానికి తగలదు. బీడింగ్ లేని పాత పద్ధతి రెక్కకు ఇవే పిన్నులు సగం దించి, వాటి మీద పుట్టీ వేసి, చాకుతో 45 డిగ్రీల వాలు గీయాలి. చాకును లిన్సీడ్ ఆయిల్‌లో అద్దుకుంటే పుట్టీ దానికి అంటదు. నీరు నిలవకుండా జారిపోవడానికే ఆ వాలు.

పైన పొర కట్టే వరకు రంగు వేయకండి. ఎండాకాలం వారం పది రోజులు, ముసురు రోజుల్లో మూడు వారాలు కూడా పడుతుంది. రంగును పుట్టీ దాటించి అద్దం మీదికి 2 మి.మీ. రానివ్వండి, పుట్టీకీ అద్దానికీ మధ్య సందు మూసుకుంటుంది. అందం కోసం ఆ గీతను బ్లేడుతో గీకేస్తే నీరు అక్కడి నుంచే దిగుతుంది.

పుట్టీకి బదులు సిలికాన్ వాడాలనుకుంటే గాడికి నూనె పట్టించకూడదు, నూనె మీద అది అంటదు. వెనిగర్ వాసన వచ్చే రకం ఇనప పిన్నుల్ని తినేస్తుంది, న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి. దాని మీద రంగు నిలవదు. ఆరడానికి ఒక రోజు పూర్తిగా వదలాలి.

వాయుగుండం రోజుల్లో పగిలితే

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కబురు ఉన్నప్పుడు కొత్త అద్దం వేయడం దండగ. తడి చెక్కకు పుట్టీ పట్టదు. 6 మి.మీ. ప్లైవుడ్ ముక్కను బయటి వైపు నుంచి రెక్క చెక్కకు స్క్రూలతో బిగించండి. అది లేకపోతే టార్పాలిన్ పట్టాను రెండు మడతలు వేసి, చుట్టూ బద్దలు పెట్టి మేకులు కొట్టండి. బద్దలు లేకుండా కొడితే మేకుల దగ్గర చిరిగి గాలికి లేచిపోతుంది. బాగున్న అద్దాల మీద టేపు ఇంటూ ఆకారంలో వేయడం 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమలో ఇప్పటికీ చేస్తారు. టేపు అద్దానికి బలం ఇవ్వదు, పగిలితే పెంకులు పెద్ద ముక్కలుగా అతుక్కుని ఎగరొచ్చు కూడా. సంక్రాంతి దాటి తూర్పు గాలి తగ్గి చెక్క ఆరాక అద్దం పని పెట్టుకోండి.

అల్యూమినియం కిటికీలు

వీటిలో పుట్టీ ఉండదు, రబ్బరు బీడింగే. జారే రెక్కను పైకెత్తి కింది భాగం లోపలికి లాగితే బయటికి వస్తుంది. మూలల స్క్రూలు విప్పి, రబ్బరు సుత్తితో ఒక పక్క పట్టీ తట్టి ఊడదీయండి. కొత్త అద్దం కొలత పాత అద్దం నుంచే తీసుకోవాలి. రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, మూలల దగ్గర లోపలి వైపు చిన్న గాటు పెట్టి మడవండి. సాగదీసి తొడగొద్దు. అది కొన్నాళ్లకు ముడుచుకుని మూలల్లో సందు వస్తుంది. తిరిగి పెట్టే ముందు కింది పట్టాలో బయటి వైపున్న నీళ్లు పోయే కన్నాల్ని సన్న తీగతో పొడిచి, చెంబుడు నీళ్లు పోసి చూడండి. ఇసకా, చీమల మట్టీ చేరి అవి మూసుకుపోయి ఉంటే అద్దం ఎంత బాగా వేసినా వాన నీరు గదిలోకే వస్తుంది.