రూట్ 66 మీద ఆర్వీలో వెళ్తుంటే ఓట్‌మన్ ఘాట్ దగ్గర జాగ్రత్త

అరిజోనాలో ఆర్వీ (లోపలే ఉండి పడుకునేలా ఇల్లులా కట్టిన పెద్ద బండి) రెంట్‌కి తీసుకుని అమెరికా పాత హైవే రూట్ 66 మీద వెళ్దామనుకునేవాళ్ళకి ఒక మాట, సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్ దాకా హాయిగా పోవచ్చు, ఆ తర్వాత ఓట్‌మన్ అనే ఊరి వైపు సిట్‌గ్రీవ్స్ పాస్ అనే ఘాట్ రోడ్డు ఉంది చూశారూ, అసలు కథ అక్కడే. అన్నీ హెయిర్‌పిన్ బెండ్లు, చాలాచోట్ల పక్కన గార్డ్‌రైల్ కూడా ఉండదు, 40 అడుగులు దాటిన బండ్లకి ఎంట్రీ లేదు, వెనక కారు కట్టుకుంటే అదీ లెక్కలోకే. పెద్ద బండి అయితే జీపీఎస్ మాట వినకుండా ఐ-40 పెద్ద హైవే పట్టుకుని టోపోక్ దాకా పోయి అటునుంచి ఓట్‌మన్‌కి రండి, ఆ రోడ్డు చాలా నయం. ఓట్‌మన్ ఊళ్ళో గాడిదలు కిటికీలోంచి మూతి పెట్టేస్తాయి, అద్దాలు ఎత్తేయండి. గ్యాస్ (అంటే పెట్రోల్) మాత్రం కాలిఫోర్నియాలోకి దాటకముందే ఫుల్ కొట్టేయండి, అవతల రేటు చూస్తే గుండె గుభేల్‌మంటుంది.