పోకర్ పాఠం 7: ముందున్న చెయ్యి, వెనకపడే భయం

క్రితం పాఠం చివర, జాకీల జంటతో ఎంత వేస్తారని ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఎక్కువమంది రాసింది ఒకటే: ఆల్ ఇన్, అంటే ముందున్న చిప్స్ అన్నీ ఒకేసారి తోసేయడం. కారణం కూడా దాదాపు ఒకటే: "ఫ్లష్ పడకముందే ఎదుటాయన్ని తరిమేయాలి కదా అండీ." (ఒకే గుర్తు ముక్కలు ఐదు కుదిరితే ఫ్లష్.) ఈసారి బ్లఫ్ (చెయ్యి లేకపోయినా ఉన్నట్టు వేయడం) గురించి చెబుదామనుకున్నాను, అది పక్కన పెట్టేశాను. ఈ ఒక్క ఆలోచన సరిచేసుకోకుండా ముందుకు వెళితే తర్వాతి పాఠాలేవీ నిలబడవు. నా వైపు నుంచీ లోపం ఉంది. మంచి జంట ఉన్నప్పుడు ఊరికే చెక్ చేయకండి (ఏమీ వేయకుండా వదలకండి) అన్నాను గానీ, ఎంత వెయ్యాలో, ఎందుకు వెయ్యాలో చెప్పలేదు.

లెక్క మళ్ళీ చూద్దాం. మీ చేతిలో ఇస్పేటు జాకీ, డైమను జాకీ. ఫ్లాప్‌లో ఆఠీను తొమ్మిది, ఆఠీను ఎనిమిది, కళావరు నాలుగు. ఫ్లాప్ అంటే అందరికీ కలిపి బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కలు, నాలుగోది టర్న్, ఐదోది రివర్. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 100 చిప్స్. మీ ముందు 800, ఎదుటాయన ముందు కూడా 800. మొదట మీరు రైజ్ చేశారు (పందెం పెంచారు), బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే పెద్ద పందెం కట్టే చోట) ఉన్నాయన కాల్ చేశాడు (అంతే కట్టాడు). ఇప్పుడు చెక్ చేసి మీ వైపు చూస్తున్నాడు.

మీ భయం ఉత్తదేమీ కాదు. కనబడని ముక్కలు 47. వాటిలో ఆఠీన్లు 11. జాకీల కన్నా పెద్ద జంట కుదిర్చే ఆసులు, రాజులు, రాణులు, ఆఠీను కానివి కలిపి 9. స్ట్రెయిట్‌కి (వరస ముక్కలు ఐదు) దారిచ్చే పదులు, ఏడులు ఇంకో 6. మొత్తం 26. అంటే టర్న్‌లో సగానికి పైగా ముక్కలు టెన్షన్ పెట్టేవే.

సరే, 800 మొత్తం తోశారనుకుందాం. కాల్ చేసేది ఎవరు? తొమ్మిదుల జంట ఉన్నవాడు, ఎనిమిదుల జంట ఉన్నవాడు, నాలుగుల జంట ఉన్నవాడు. ముగ్గురికీ ఫ్లాప్‌లోనే మూడు ఒకేరకం కుదిరాయి. వాళ్ళ మీద మీరు పదిలో తొమ్మిదిసార్లు ఓడిపోతారు. మహా అయితే పది, ఏడు రెండూ ఆఠీన్లున్నవాడు ధైర్యం చేస్తాడు. అతనికి ఫ్లష్ దారీ ఉంది, స్ట్రెయిట్ దారీ ఉంది కాబట్టి అది సగం సగం ఆట.

ఫోల్డ్ చేసేది, అంటే ముక్కలు పారేసేది ఎవరు? ఆసు, తొమ్మిది ఉన్నవాడు. అతన్ని గెలిపించే ముక్కలు ఐదే, మూడు ఆసులు, రెండు తొమ్మిదులు. చివరిదాకా లాక్కొచ్చినా ఐదింట నాలుగుసార్లు గెలిచేది మీరే. పదుల జంట ఉన్నవాడూ పారేస్తాడు. వాళ్ళిద్దరూ మీకు డబ్బు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు! వాళ్ళని తలుపు దగ్గరే పంపించేసి, మీకన్నా బలమైనవాడిని మాత్రం లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. 100 కోసం 800 పెట్టారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

"తరిమేయడం" అనే మాట ఇక మీ నోట రాకూడదని నా కోరిక. రమ్మీ అలవాటు ఉన్నవాళ్ళలో ఇది మరీ ఎక్కువగా చూస్తున్నాను. అక్కడ చేతిలో కౌంట్ ఉందంటే భయం, వీలైనంత త్వరగా షో చెప్పి బయటపడాలని ఆత్రం. పోకర్‌లో చెయ్యి త్వరగా ముగియడం గెలుపు కాదు. వెనకబడినవాడు ఉండి, తప్పు ధర కట్టడమే మీకు గెలుపు.

ఆ ధర ఎంతో చూద్దాం. ఎదుటాయన చేతిలో రెండు ఆఠీన్లు ఉన్నాయనుకుంటే ఇంకా 9 ఆఠీన్లు మిగిలాయి. తర్వాతి ముక్క ఆఠీను అయ్యే అవకాశం సుమారు 19 శాతం. మీరు 30 వేశారనుకోండి. మీ 30, అతని 30 కలిసి 160 అయ్యే పాట్‌లో అతను పెట్టేది 30, అంటే దాదాపు 19 శాతమే. అతనికి సరిగ్గా గిట్టుబాటు ధర. పైగా ఫ్లష్ పడ్డాక మీ దగ్గర ఇంకా రాబట్టుకుంటాడు కాబట్టి అది లాభసాటి బేరం కూడా. అదే 70 వేశారనుకోండి. 240 అయ్యే పాట్‌లో అతను 70 పెట్టాలి. ఆ లెక్కన 29 శాతం అవకాశం ఉండాలి, అతనికున్నది 19. ప్రతి కాల్‌కీ అతను నష్టపోతున్నాడు. ఆసు తొమ్మిది ఉన్నవాడూ 70కి కాల్ చేస్తాడు, పదుల జంటవాడూ చేస్తాడు. నేనైతే ఇలాంటి ఫ్లాప్‌లో ఎప్పుడూ 65కీ 75కీ మధ్య వేస్తాను, అంతకుమించి ఆలోచించను.

"చివరిదాకా చూస్తే ఫ్లష్ అవకాశం 35 శాతం కదా" అని కొందరు రాశారు. నిజమే. కానీ 70 పెట్టి అతను కొంటున్నది ఒక్క ముక్కే. రెండో ముక్కకి టర్న్‌లో మళ్ళీ ధర చెబుతారు.

70కి కాల్ వచ్చింది. పాట్ 240, మీ ముందు 730. టర్న్‌లో ఇస్పేటు రెండు పడితే ఏమీ మారలేదు, 160 వేయండి. ఆఠీను రాజు పడితే చెక్. మీ చేతిలో ఆఠీను లేదు. ఎదుటాయన రివర్‌లో గట్టిగా వేస్తే నేను పారేస్తాను. కొందరు ఒక్కసారి కాల్ చేస్తారు, నాకది నచ్చదు. నల్ల రాణి పడితే కూడా చెక్ చేసి, రివర్‌లో చిన్న బెట్‌కి కాల్ చేస్తాను. ఫ్లాప్‌లో బెట్ వేశాం కాబట్టి టర్న్‌లోనూ వేసి తీరాలన్న నియమం లేదు.

ఇంకో రకం భయం ఉంది, దానికి మందు వేరు. మీ చేతిలో ఎనిమిదుల జంట. ఫ్లాప్‌లో ఇస్పేటు ఏడు, డైమను మూడు, కళావరు రెండు. ఇక్కడ ఫ్లష్ గొడవ లేదు. కానీ తొమ్మిది నుంచి ఆసు దాకా 24 ముక్కలున్నాయి, 47లో సగానికి కొంచెం ఎక్కువే. రాజు, రాణి పట్టుకున్నవాడికి ఇంకా పావు వంతు ఆశ ఉంది. ఇక్కడ 100 పాట్‌లో 30 చాలు. చేతిలో ఏమీ కుదరనివాడు 30కే పారేస్తాడు, ఆ పావు వంతూ మీకు ఉత్తపుణ్యానికి వచ్చేస్తుంది. ఏడు ఉన్నవాడు కాల్ చేస్తాడు, అదీ మంచిదే.

ఆల్ ఇన్ సరైన సందర్భమూ ఉంది. పాట్ 100 ఉండి మీ ముందు 120 మాత్రమే మిగిలితే తోసేయండి. అప్పుడు ఆసు తొమ్మిదివాడూ వదల్లేడు, ఫ్లష్ కోసం చూసేవాడూ వదల్లేడు. 800కీ 120కీ తేడా అదే. నలుగురు ఆటలో ఉంటే మాత్రం జాకీల జంటతో మీరు వేశాక వచ్చిన రైజ్‌ని గౌరవించండి, పంతాలకు పోకండి.

అభ్యాసం ఈసారి కొంచెం గట్టిదే. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం దేశమంతటికీ నిషేధం తెచ్చింది. కాబట్టి యాప్‌ల జోలికి పోకుండా ఒక పేక, గుప్పెడు చింతగింజలు తీసుకోండి. మా వంటింటి బల్ల మీద నేను చేసేదీ అదే, గింజకి పది చిప్స్ లెక్క. జాకీలు రెండూ, ఫ్లాప్ మూడు ముక్కలూ పైన పరవండి. మిగిలిన 47 ముక్కలూ ఒక్కొక్కటే టర్న్‌గా తిప్పండి. మళ్ళీ బెట్ వేసేవి ఒక కుప్ప, చెక్ చేసేవి ఒక కుప్ప, ఎటూ తేలనివి ఇంకో కుప్ప. మూడో కుప్పలోని ప్రతి ముక్క పక్కనా ఒక కాగితం మీద రాయండి: ఇప్పుడు నేను 160 వేస్తే, నాకన్నా తక్కువ చెయ్యి ఉండి కాల్ చేసేది ఎవరు? కనీసం రెండు చేతుల పేర్లు రాయలేకపోతే ఆ ముక్కని చెక్ కుప్పలోకి మార్చండి. మొదటిసారి గంట పడుతుంది. మర్నాడు మళ్ళీ చేసి, రెండు రోజుల కుప్పల్లో తేడా వచ్చిన ముక్కలు ఏవో నాకు రాసి పంపండి.