తెల్ల సైకిల్‌ను ఫోటో తీయాలంటే

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మా ఇంటికి పదకొండు వీధుల అవతల, నో పార్కింగ్ బోర్డు స్తంభానికి గొలుసుతో కట్టేసిన సైకిల్ ఒకటుంది. టైర్లు, సీటు, చైను, హ్యాండిల్ అన్నిటికీ గోడకు సున్నం కొట్టినట్టు ఒకటే తెలుపు. సైకిల్ మీద వెళ్తున్న మనిషి ఆ చోట వాహనం ఢీకొని చనిపోయాడని గుర్తు. ఇక్కడివాళ్లు ఘోస్ట్ బైక్ అంటారు. మనకు బైక్ అంటే మోటారు సైకిలే కాబట్టి నేను తెల్ల సైకిల్ అనే అంటాను.

2002లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జో స్లోటా అనే కళాకారుడు, వీధుల్లో దిక్కులేకుండా మిగిలిపోయిన సైకిళ్లకు తెల్లరంగు వేసి ఫోటోలు తీశాడు. మరుసటి ఏడు అమెరికాలోనే మరో నగరం సెయింట్ లూయిస్‌లో ప్యాట్రిక్ వాన్ డెర్ టుయిన్ ఒక ప్రమాదాన్ని చూసి, అదే చోట తెల్ల సైకిల్ నిలబెట్టాడు. స్మారకాలుగా ఊరూరా పాకింది ఆ తర్వాతే. ఈ తెలుపుకు కెమెరాతో చుట్టరికం ముందే ఉందన్నమాట. అలాగని చనువు తీసుకోకూడదు.

మొదటిసారి కెమెరా లేకుండా వెళ్లండి. ఎండ ఏ వైపు నుంచి పడుతుందో, లారీలు ఏ వేళకు ఎక్కువో చూసుకోండి. వాడిన పూలైనా సరే, అందం కోసం పక్కకు జరపవద్దు. ఒకసారి నేను కెమెరా స్టాండు బిగిస్తుండగా ఒక పెద్దావిడ వచ్చి పూలు మార్చడం మొదలుపెట్టింది. కెమెరా మీద టోపీ కప్పి, టీ తాగడానికి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి వెలుతురు పోయింది. పోనీయండి.

నా మొదటి ఫోటోలో సైకిల్ బూడిద రంగులో వచ్చింది. కెమెరా దేన్ని చూసినా నడిమి బూడిదగా లెక్కగడుతుంది. తెలుపే ఫ్రేమంతా నిండితే దాన్ని మసకబారుస్తుంది. దగ్గరి నుంచి తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుతురును, ఒక స్టాపు పైకి (రెట్టింపుకు) జరపండి. దూరం నుంచి తీస్తే వ్యవహారం తలకిందులు: నల్లటి తారురోడ్డే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి తెలుపు మరీ వెలిగిపోయి, రంగు పెచ్చులు, తుప్పు మరకలు మాయమవుతాయి. అప్పుడు కిందికి దించాలి. ఆ తుప్పే కాలం గడిచిందని చెప్పేది, దాన్ని పోగొట్టుకోవద్దు. మిట్టమధ్యాహ్నం వద్దు. మబ్బు పట్టిన రోజు మేలు.

కెమెరాను సీటు ఎత్తుకు దించండి. నిలబడి తీస్తే పారేసిన సామానులా కనిపిస్తుంది. 35 మిల్లీమీటర్ల లెన్సు నాకు చాలు. సైకిల్‌తో పాటు రోడ్డూ, సిగ్నలూ పడతాయి. సైకిల్‌ను ఒంటరిగా, వెనకంతా మసకగా తీసిన ఫోటోలు అమ్మకానికి పెట్టిన వస్తువుల్లా ఉంటాయని నా గట్టి అభిప్రాయం. ఎవరూ ఆగని రోడ్డు అందులో ఉండాలి.

అందుకే స్టాండు. సంధ్యవేళ, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె) 100, షట్టర్ తెరిచి ఉండేది పావు సెకను. కార్లు చారలవుతాయి, సైకిల్ కదలదు. లారీ దాటినప్పుడు ప్లాస్టిక్ పూలు ఆ గాలికి ఊగుతాయి. ఫోటోలో చువ్వల మధ్య ఆ పూలు మాత్రమే చెదిరినట్టు మసకగా వస్తాయి. ఆ ఒక్క దాని కోసం నేను నలభై సార్లయినా నొక్కుతాను. రెండు మూడు సెకన్లకు పోతే దీపాల గీతలే మిగిలి దీపావళి ఫోటోలా తయారవుతుంది. స్టాండు కాళ్లు కాలిబాట మీదే ఉండాలి, సైకిల్ బాటలో పెట్టి ఇంకొకరిని కారు ముందుకు నెట్టవద్దు.

ఒకే చోటికి నాలుగు కాలాల్లోనూ వెళ్లండి. మంచు కురిసినప్పుడు తెలుపులో తెలుపు కలిసిపోయి, కట్టేసిన గొలుసు ఒక్కటే నల్లగా తేలుతుంది.

ప్రింటుకు మెరుపు లేని కాగితం వాడతాను. కింద కూడలి పేరు, తీసిన తేదీ, సమయం. పోయినవారి పేరు రాయను. అది సైకిల్‌కు కట్టిన పలక మీద ఉంటుంది, కావలసినవారు అక్కడికి వెళ్లి చదువుకోవచ్చు.