బోటు హైడ్రాలిక్ హోసులు, మూడో పాఠం: ఉప్పు ఎక్కడ దూరుతుంది

పోయిన పాఠంలో రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే నూనెను వదిలేసే వాల్వ్) సెట్టింగ్ చూసి హోస్ సైజు, ప్రెషర్ లెక్కకట్టడం నేర్చుకున్నాం. ఇక దుకాణానికి వెళ్లి "అర అంగుళం టూ వైర్ ఇవ్వండి" అంటే సరిపోతుందనుకోకండి. జేసీబీకి వేసేదీ ట్రాలర్ బోటులో వల లాగే వించ్‌కి వేసేదీ పేరుకు ఒకే హోస్ కావచ్చు గానీ, సముద్రం మీద దాని ఆయుష్షు వేరు.

విశాఖ హార్బర్‌లో ఒకసారి ఒక బోటు నుంచి విప్పిన వించ్ హోస్ నా చేతికొచ్చింది. మధ్యలో రబ్బరు కొత్తదానిలా నల్లగా ఉంది. ఫెర్రూల్ దగ్గర, అంటే ఫిట్టింగును (హోస్ చివర కలిపే ముక్కను) హోసుకు నొక్కి పట్టుకునే ఇనుప తొడుగు దగ్గర మాత్రం కొంచెం ఉబ్బింది. బ్లేడుతో కోస్తే గోధుమరంగు పొడి రాలింది, లోపలి తీగలు గోటితో గీకితేనే తెగిపోయాయి. వేసి రెండేళ్లు కూడా కాలేదు. వల లాగేటప్పుడు అది పగిలి ఉంటే డెక్ మీద కుర్రాళ్లకి ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఎందుకలా అయిందంటే, కొన్ని ఫిట్టింగులకు క్రింపింగ్ చేసే, అంటే మెషీన్‌తో ఫెర్రూల్ నొక్కి బిగించే ముందు చివర పై రబ్బరు చెక్కేయాలి. అవసరానికి మించి ఒక్క మిల్లీమీటరు ఎక్కువ చెక్కినా తీగ బయటపడుతుంది, అక్కడినుంచి ఉప్పునీరు అల్లిక వెంట లోపలికి పాకుతుంది. అందుకే రబ్బరు చెక్కకుండా దాని మీదే నొక్కే ఫిట్టింగు, అంటే నో-స్కైవ్ రకం అడగండి. క్రింపింగ్ షాపులో దగ్గరుండి చేయించుకోండి, మొహమాటపడకండి.

ఇప్పుడు హోసు మీద రాత చదువుదాం. '100ఆర్2ఏటీ-8' అని ఉంటే రెండు వరసల ఉక్కు తీగ అల్లిక అని, 8 అంటే అంగుళంలో పదహారో వంతులు ఎనిమిది, అంటే లోపలి వ్యాసం అర అంగుళం అని అర్థం. పని ప్రెషర్ సుమారు 275 బార్, పగిలే ప్రెషర్ కనీసం దానికి నాలుగు రెట్లు. పక్కనే '2క్యూ24' లాంటిది కనిపిస్తే 2024 రెండో త్రైమాసికంలో తయారైందని. షాపులో ఎండకు ఏళ్ల తరబడి వేలాడిన హోసును చవకగా ఇస్తామన్నా వద్దనండి. పై పొర ఏమిటో కూడా అడగండి, ఎండకీ ఉప్పుకీ నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు బాగా తట్టుకుంటుంది, డెక్ మీద ఈడ్చుకుపోయే చోట రాపిడి తట్టుకునే ప్రత్యేక పొర ఉన్నది తీసుకోండి.

చేత్తో తిప్పే స్టీరింగ్ సంగతి వేరు. దాని ప్రెషర్ మామూలుగా 1,000 పీఎస్ఐ (సుమారు 70 బార్) లోపే, కాబట్టి ఉక్కు తీగ లేని, సింథటిక్ దారం అల్లిక ఉన్న ఆర్7 రకం చాలు. అందులో తుప్పు పట్టడానికి తీగే లేదు. అయితే దాన్ని ఇంజిన్ గదిలోకి మాత్రం తీసుకెళ్లకండి, అక్కడ ఐఎస్ఓ 15540 నిప్పు పరీక్ష నెగ్గినదే వేయాలి (800 డిగ్రీల మంటలో 30 నిమిషాలు ఉంచి చూస్తారు).

ఫిట్టింగు దగ్గర డబ్బు ఆదా చేయొద్దు. మామూలు జింక్ పూత మీద మొదట తెల్లపొడి వస్తుంది, తర్వాత ఎర్ర తుప్పు. జింక్-నికెల్ పూత దానికంటే చాలా కాలం నిలుస్తుంది. తడిసే చోట నా ఓటు 316 స్టెయిన్‌లెస్‌కే, అందులో మాలిబ్డినం ఉంటుంది, 304లో ఉండదు. అయస్కాంతంతో ఈ రెండిటికీ తేడా తెలియదు, కాబట్టి సర్టిఫికెట్ అడగండి. 316 అయినా గాలి ఆడని సందుల్లో ఉప్పు నిలిస్తే గుంటలు పడుతుంది. రాపిడి తగలకుండా హోసుకు తొడిగే ప్లాస్టిక్ స్ప్రింగులు కూడా అలాగే ఉప్పునీటిని పట్టి ఉంచుతాయి, వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడగాలి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, బోటు ఒడ్డునే ఉంటుంది. ఇంజిన్ ఆపి, ప్రెషర్ వదిలేసి, ఒక్కో హోసు రెండు చివరలూ టార్చితో చూడండి. ఉబ్బు, పగులు, తుప్పు మరక, ఏది ఉన్నా రాసుకోండి. లీకు అనుమానం ఉంటే చేత్తో తడమకండి, సన్నటి ధార చర్మాన్ని చీల్చి నూనెను లోపలికి ఎక్కిస్తుంది, వేలు పోయే ప్రమాదం ఉంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఆ జాబితా దగ్గర పెట్టుకోండి, పొడవు కొలవడం, వంపు తిప్పడం దాంతోనే మొదలుపెడదాం.