అన్నవాహిక కేన్సర్ మీద కొత్త రీసెర్చ్ వార్త వచ్చిందా? మన పేషెంటుకి పనికొస్తుందో లేదో ఇలా చూసుకోండి

ముద్ద దిగడం లేదని నాన్నో అమ్మో అన్నారంటే చాలు, బంధువులంతా వాట్సాప్‌లో "కొత్త మందు వచ్చిందట" అని లింకులు పంపడం మొదలెడతారు. చదవండి, తప్పేం లేదు. కానీ ముందు బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు తీసి స్క్వామస్ అని ఉందో, అడినో కార్సినోమా అని ఉందో చూడండి. ఇంకా బయాప్సీ కాకపోతే ఆ లింకులు పక్కన పెట్టి ముందు ఎండోస్కోపీకి వెళ్లండి. గట్టి ముద్ద అడ్డుపడుతూ, మనిషి చిక్కిపోతూ ఉంటే గ్యాస్ మాత్రలతో నెలలు గడపకూడదు.

ఈ రెండూ అన్నవాహిక కేన్సర్లే అయినా దారులు వేరు. పొగాకు, మందు అలవాటుతో ముడిపడ్డది స్క్వామస్, మన దేశంలో ఎక్కువ కనబడేది ఇదే. అడినో ఎక్కువగా కింది భాగంలో, కడుపుకి దగ్గర వస్తుంది, ఏళ్ల తరబడి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, అధిక బరువు దానికి తోడు. అమెరికా, పశ్చిమ యూరప్ వార్తల్లో దీని ఊసే ఎక్కువ.

ఉదాహరణకి ఎసోపెక్ అనే జర్మన్ ట్రయల్ ఫలితాలు 2025లో వైద్య పరిశోధన పత్రికలో వచ్చాయి. ఆపరేషన్‌కి ముందూ వెనకా ఫ్లాట్ అనే కీమో ఇస్తే, ఆపరేషన్‌కి ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చే క్రాస్ పద్ధతి కంటే రోగులు ఎక్కువ కాలం బతికారు (మధ్యస్థంగా ఫ్లాట్‌తో 66 నెలలు, క్రాస్‌తో 37). ఇది చదివి "మాకు రేడియేషన్ వద్దు డాక్టర్‌గారూ" అంటే కష్టం, ఎందుకంటే అందులో ఉన్నవాళ్లంతా అడినో వాళ్లే. 2012లో వచ్చిన క్రాస్ ట్రయల్‌లో రెండు రకాలవాళ్లూ ఉన్నారు, పైగా అక్కడ స్క్వామస్ వాళ్లకే మేలు ఎక్కువ జరిగింది!

తర్వాత, వార్త ఎక్కడిదో చూడండి. అన్నవాహిక జబ్బుల డాక్టర్లకి 1979 నుంచి ఒక అంతర్జాతీయ సొసైటీ ఉంది, దానికి సొంత పత్రికా ఉంది. అయితే సదస్సులో చదివిన సారాంశం వేరు, పత్రికలో అచ్చయిన పూర్తి పేపరు వేరు, మొదటిది ఇంకా పూర్తి పరిశీలన దాటలేదు. ఎలుకల మీద చేసిందైతే అక్కడితో వదిలేయండి.

మన సిక్కోలు (శ్రీకాకుళం) వైపు ఇంకో తికమక ఉంది. అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చే చుట్ట) మీద చాలా పరిశోధనలు జరిగాయి కానీ, అవి ఎక్కువగా అంగిలి కేన్సర్ గురించి, వాటిని అన్నవాహిక లెక్కలుగా ఫార్వర్డ్ చేయకండి. అలాగని అమ్మమ్మకి ఆ అలవాటుంటే డాక్టర్ దగ్గర దాచొద్దు, పొగాకు ఎలా కాల్చినా పొగాకే.

విశాఖ అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికో, ఇంకెక్కడికో రెండో సలహాకి వెళ్తుంటే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లి ఊరుకోకండి. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (ఆ ముక్కని మైనంలో భద్రపరిచినవి), సీటీ స్కాన్ సీడీ కూడా ముందే అడిగి తీసుకోండి, లేదంటే వాటి కోసం మళ్లీ వెనక్కి తిరగాల్సి వస్తుంది. చదివిన వార్త ప్రింటు ఒకటి చాలు. "ఇందులో ఉన్నది మా రకమేనా, మా స్టేజేనా, ఈ వయసులో, ఈ బరువుతో తట్టుకోగలరా?" అని అడగండి. డాక్టర్ కాదంటే ఎందుకు కాదో చెప్పమనండి.